ఇంట్లో గ్యాస్ ఉండగా అడవిలో పుల్లల పొయ్యి ఎందుకు?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలి కదా. మీ ఆయనకి ఋషికొండ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నవంబరు వచ్చిందంటే చాలు, నెలకోసారి టెంటూ, కత్తీ, మసిపట్టిన గిన్నెలూ కారులో పడేసుకుని ఏజెన్సీ వైపు, అంటే గిరిజనులుండే కొండల వైపు వెళ్ళిపోతారు. రెండు రోజులు నేల మీద పడుకుని, దోమలతో కుట్టించుకుని, ఒళ్ళంతా పొగ వాసనతో ఇంటికొచ్చి "భలే ఉందే" అంటారు. ఈ డిసెంబరులో మిమ్మల్నీ, తొమ్మిదేళ్ళ బాబునీ కూడా రమ్మంటున్నారు. ఇంట్లో గ్యాసూ, గీజరూ, మెత్తటి పరుపూ ఉండగా డబ్బులు పెట్టి మరీ ఈ అవస్థ పడటంలో ఆనందం ఏమిటి, మేం వెళ్ళాలా వద్దా అన్నది మీ ప్రశ్న. వెటకారంగా అడగట్లేదు అని కూడా రాశారు. అలా అడిగినా పర్వాలేదమ్మా, మా ఆవిడ ఇరవై ఏళ్ళుగా వెటకారంగానే అడుగుతోంది.

నాదీ విశాఖే, గాజువాక. ఒక ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు షిఫ్టు డ్యూటీలు చేసి రిటైరయ్యాను. 2002 నుంచి అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి చుట్టుపక్కల ఏటా మూడు నాలుగు సార్లు బయట పడుకుంటున్నాను. ఈ విషయంలో ఎన్ని తప్పులు చేయొచ్చో అన్నీ చేశాను కాబట్టి నాలుగు ముక్కలు చెప్పొచ్చనిపించింది.

ప్రశాంతత కోసం వెళ్తారు అని అందరూ చెప్పే జవాబు మాత్రం నేను చెప్పను. అడవిలో రాత్రిపూట ప్రశాంతంగా ఏమీ ఉండదు. కీచురాళ్ళు ఒక్క క్షణం ఆగవు, ఎండుటాకుల మీద ఏదో నడిచినట్టు చప్పుడవుతుంది (చాలాసార్లు ఎలకే, కానీ చెవికి ఎలుగుబంటిలా వినిపిస్తుంది), దూరంగా ఊళ్ళో కుక్కలు దేన్ని చూసి మొరుగుతున్నాయో తెలీదు. ప్రశాంతత కావాలంటే ఇంట్లో ఏసీ వేసుకుని తలుపులు మూసుకుంటే సరిపోతుంది.

నాకు తోచిన కారణం వేరే. అక్కడ చేసే ప్రతి పనీ చిన్నది, దాని ఫలితం వెంటనే చేతికొస్తుంది. చలేస్తోంది, పుల్లలు ఏరావు, మంట వచ్చింది, చలి పోయింది. మధ్యలో మేనేజరు లేడు, మీటింగు లేదు, పోర్టల్లో అప్రూవల్ లేదు. ముప్ఫై ఏళ్ళు పనిచేసిన నేను, నా చేతిమీదుగా పోయిన సరుకు ఏ లారీ ఎక్కి ఏ ఊరు పోయి ఏ బిల్డింగులో కలిసిందో ఒక్కసారీ చూడలేదు. మీ ఆయన రాసిన కోడు ఏ దేశంలో ఎవరికి ఉపయోగపడుతోందో ఆయనకీ తెలిసి ఉండదు. నెలాఖరుకి జీతం పడుతుంది, అంతే. అలాంటివాడికి గంటసేపు కష్టపడి ఒక గిన్నెడు నీళ్ళు మరిగించుకుని టీ పెట్టుకుంటే, ఆ టీ ఎందుకంత బాగుంటుందో బయటినుంచి చూసేవాళ్ళకి అర్థం కాదు. టీ పొడి అదే, పంచదార అదే.

నిప్పు రాజేయడం సంగతే తీసుకోండి. 2002 జనవరిలో ఇద్దరు స్నేహితులతో అనంతగిరి దగ్గర కాఫీ తోట అంచున దిగాం. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు, చూడ్డానికి క్యాలెండరు బొమ్మలా ఉంది. సాయంత్రం ఆరు దాటేసరికి చలి మొదలైంది. తెచ్చుకున్న ఈనాడు పేపరు మొత్తం ఉండలు చుట్టి, కింద పడున్న కట్టెలు పోగేసి పెడితే పేపరు భగ్గున మండి ఆరిపోయింది, కట్టెలకి మసి తప్ప ఏమీ అంటలేదు. అగ్గిపెట్టె సగం అయిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు, ముక్కులోంచి నీళ్ళు. ఆ తోట కాపలా ఉండే పెద్దాయన ఒకాయన చాలాసేపు దూరంగా నిలబడి చూసి, ఇక ఉండబట్టలేక వచ్చి, "నిప్పు కిందనుంచి పైకి పోతాది బావూ, నువ్వేటి పైనుంచి ముట్టిస్తన్నావు?" అన్నాడు.

ఆయన చేసిందంతా నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. మేం ఏరిన కట్టెల్ని ముట్టుకోలేదు. నేల మీద పడున్నవి మంచుకి నానిపోయి ఉంటాయి, పైకి ఎండినట్టే కనిపిస్తాయి. పొదల్లో, చెట్లకి వేలాడుతూ చచ్చిపోయిన కొమ్మలుంటాయి చూశారా, అవి విరిచాడు. టక్కుమని విరిగినవి ఉంచాడు, వంగినవి పారేశాడు. వాటిని మూడు కుప్పలు చేశాడు: చీపురుపుల్లంత సన్నవి, పెన్సిలంత లావువి, బొటనవేలంత లావువి. సన్నవి మేం అనుకున్నదానికి నాలుగింతలు ఏరాడు. తడినేల తగలకుండా అడుగున రెండు లావుపాటి కర్రలు పక్కపక్కన పరిచాడు. ఒక కట్టెని కత్తితో నిలువుగా చీల్చి, లోపలి పొడిచెక్కని ఉల్లిపొర లాగ సన్నగా చెక్కాడు. గాలి ఎటునుంచి వస్తోందో చూసుకుని, దానికి వీపు పెట్టి కూర్చుని, ఒకే ఒక్క పుల్ల గీశాడు. సన్న పుల్లలు చిటపటలాడటం మొదలెట్టాక కూడా తొందరపడి లావు కట్టె వెయ్యలేదు. మేం వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

అగ్గిపెట్టె అయినా ఎందుకు, వాళ్ళ నాన్న చెకుముకిరాయితో ముట్టించేవాడట, జీలుగు చెట్టు మట్టల మొదట్లో ఉండే మెత్తటి పీచులో నిప్పురవ్వ పడితే చాలట. ఇప్పుడు యూట్యూబులో బుష్‌క్రాఫ్ట్ అని, అంటే అడవిలో దొరికేవాటితో పని గడుపుకునే విద్య అని, కెనడావాళ్ళూ స్వీడన్‌వాళ్ళూ చేసి చూపిస్తుంటే మనం నోరెళ్ళబెట్టి చూస్తున్నాం గానీ, అదంతా మన కొండల మీద మామూలు ఇంటిపని. అడ్డాకులు రెండు మూడు కలిపి వెదురు ఈనెతో కుట్టి విస్తరి చేయడం, పచ్చి వెదురు బొంగులో కోడి ముక్కలు కూరి మూతికి ఆకు దోపి నిప్పుల మీద దొర్లించడం, ఇవి వాళ్ళకి కోర్సులో నేర్పిన విద్యలు కావు. బొంగు ఎందుకు కాలిపోదని మా అబ్బాయి చిన్నప్పుడు అడిగాడు. పచ్చి బొంగులో నీరు ఉంటుంది, ఆ నీరు ఆవిరయ్యేదాకా బొంగు అంటుకోదు, ఆలోపు లోపల మాంసం దాని ఆవిరికే ఉడికిపోతుంది. అందుకే బొంగు పైన నల్లబడగానే దించేయాలి. ఇంకో సంగతి, రెండు వైపులా కణుపు మూసుకున్న వెదురు ముక్కని మంటలో వేశారో, లోపలి గాలీ ఆవిరీ పోయే దారి లేక తుపాకి పేలినట్టు పేలుతుంది. పిల్లలకి ఇది మహా సరదా, కానీ నిప్పులు చెదిరి కళ్ళలో పడతాయి, మీ బాబుకి ముందే చెప్పి ఉంచండి.

మళ్ళీ విషయానికొస్తాను. ఆ నిప్పు రాజేసే నలభై నిమిషాలు నా బుర్రలో ఇంకే ఆలోచనా లేదు. ఇంక్రిమెంటు లేదు, చిట్టీ వాయిదా లేదు. దీని గురించి మిచిగాన్ యూనివర్సిటీలో రేచల్, స్టీఫెన్ కాప్లాన్ అనే సైకాలజిస్టు దంపతులు 1980ల్లో ఒక సిద్ధాంతం చెప్పారు. మన ధ్యాస రెండు రకాలట. ఒకటి బలవంతాన పెట్టేది: ఎక్సెల్ షీటు చూడటం, సాయంత్రం ఎన్ఏడీ జంక్షన్లో స్కూటరు నడపటం, ఇంట్లో నలుగురు మాట్లాడుతుంటే ఫోనులో ఓటీపీ టైపు చేయడం. ఇది అలిసిపోతుంది, అలిసిపోతే చిరాకు వస్తుంది. రెండోది దానంతటదే పోయేది: మంట, పారే నీళ్ళు, ఆకుల మధ్య కదిలే ఎండ. వీటిని చూడ్డానికి కష్టపడక్కర్లేదు, అలాగని అవి టీవీలాగా మనిషిని పూర్తిగా లాగేసుకోవు, వెనకాల మన ఆలోచన మనకి మిగులుతుంది. ఈ రెండోది నడుస్తున్నంతసేపూ మొదటిది విశ్రాంతి తీసుకుంటుంది అన్నది వాళ్ళ మాట. నాకైతే నిజమే అనిపించింది. ఆదివారం మొత్తం సోఫాలో పడుకుని ఫోను చూసి లేస్తే సోమవారం ఎలా ఉంటుందో, కట్టెలు కొట్టి నడుములు పడిపోయి వచ్చిన సోమవారం ఎలా ఉంటుందో నేను రెండూ చూశాను.

అయితే ఇందులో ఒక వంకర ఉంది, అది దాచిపెట్టి మాట్లాడటం నాకిష్టం లేదు. ఒకసారి పాడేరు దాటాక ఒక గెడ్డ (కొండవాగు) పక్కన పొయ్యి పెట్టుకుని నేనూ మా బావమరిదీ మహా సంబరంగా అన్నం వండుకుంటుంటే, నెత్తిన కట్టెలమోపుతో ఒక ముసలమ్మ పోతూ ఆగింది. మమ్మల్నీ, కారునీ, పొయ్యినీ మార్చి మార్చి చూసి, "మీ ఇంటికాడ గేసు లేదేటి బావూ?" అని అడిగింది. ఉందమ్మా అన్నాను. ఇంకేం మాట్లాడలేదు, మోపు సర్దుకుని వెళ్ళిపోయింది. ఆవిడకి రోజూ ఇదే పని, నడుం నొప్పి, పొగకి కళ్ళు మంటలు. మనకి ఇది సరదాగా ఉండటానికి కారణం ఆదివారం రాత్రికి గ్యాస్ పొయ్యి దగ్గరికి తిరిగెళ్ళిపోతామని తెలియడమే. అడవిలో బతకడం గొప్ప, పాత జీవితమే మంచిది అని మీ ఆయన ఎప్పుడైనా ఉపన్యాసం మొదలెడితే ఈ ముసలమ్మ కథ చెప్పండి.

ఇక రాత్రి. మీకు అర్థం కాని ఆనందంలో సగం ఇక్కడే ఉందని నా అనుమానం. మన పాతవాళ్ళు అడవిలో బస చేస్తే జంతువులు రాకుండా నెగడు వేసేవాళ్ళు, ఇప్పుడు మనం క్యాంప్‌ఫైర్ అంటున్నాం. దాని చుట్టూ కూర్చున్నప్పుడు మాటలు మారిపోతాయి, గమనించారా? పాలీ వీస్నర్ అనే మానవశాస్త్రవేత్త ఆఫ్రికాలో, కలహారి ఎడారి దగ్గరుండే జు హొన్సీ అనే తెగవాళ్ళ మాటల్ని లెక్కగట్టి 2014లో ప్రచురించారు. పగలు వాళ్ళు మాట్లాడుకునేది ఎక్కువగా తిండి సంపాదన, వస్తువులు, ఎవరెలాంటివాళ్ళు అనే ఫిర్యాదులు. కథలు 6 శాతం. రాత్రి మంట దగ్గర మాత్రం 81 శాతం కథలే. మన ఇళ్ళలో కూడా అంతే కదా, పగలంతా కరెంటు బిల్లు కట్టావా, ట్యూషన్‌కి వెళ్ళాడా, ఇవే మాటలు. మనకి చీకటి పడటం అనేదే లేదు, ట్యూబులైటు వెలుగులో ఆ పగటి మాటలే పదకొండు దాకా సాగుతాయి.

మా నాన్న చాలా తక్కువ మాట్లాడే మనిషి. 2006లో ఆయన్ని ఒకసారి లంబసింగి తీసుకెళ్ళాను. అప్పటికి అక్కడ ఇన్ని టెంట్లూ హోటళ్ళూ లేవు. తెలిసినవాళ్ళ పొలంలో మంట వేసుకుని కూర్చుంటే, ఆ ఊరి మనిషి ఒకతను అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయిన సంగతి, వాళ్ళ తాత చెప్పగా విన్నది, నిన్ననో మొన్ననో జరిగినట్టు చెప్పాడు. అది విని మా నాన్న నెమ్మదిగా తన కథ ఎత్తుకున్నాడు. పదిహేనేళ్ళ వయసులో ఇంట్లో చెప్పకుండా పారిపోయి హార్బరులో మూటలు మోసిన కథ. నలభై ఏళ్ళుగా నేనూ ఆయనా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఆ మాట నాకు తెలీదు. మంటకేసి చూస్తూ మాట్లాడుతుంటే ఎదుటివాడి మొహం చూడక్కర్లేదు, మాట ఆగిపోయినా ఇబ్బంది ఉండదు, ఒక కట్టె లోపలికి తోస్తే మళ్ళీ మొదలవుతుంది. మొగాళ్ళకి ఇది మరీ అవసరం అనుకుంటాను.

అదే రాత్రి నేను చలికి చచ్చినంత పనయింది. రెండు కంబళ్ళు తెచ్చుకున్నాను, రెండూ పైన కప్పుకున్నాను, కింద పల్చటి చాప. తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చున్నవాణ్ణి మళ్ళీ పడుకోలేదు. చలి పైనుంచి వస్తుందని మనం అనుకుంటాం గానీ ఒంట్లో వేడిని నేల పీల్చేస్తుంది, అందులోనూ ఒంటి బరువుకి నలిగిన దుప్పటి ఎంత మందమైనా పనిచేయదు. ఆ ఊరివాళ్ళు మా నాన్నకి ముందే జానెడు మందాన ఎండుగడ్డి పరిచి ఇచ్చారు, ఆయన హాయిగా గుర్రుపెట్టాడు. లంబసింగిలో అంత చలి ఎందుకంటే, ఊరు సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది, కిలోమీటరు ఎత్తుకి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది, ఇది ఒక లెక్క. దానికితోడు మన విశాఖకి పక్కనే సముద్రం ఉండి రాత్రి చల్లారనివ్వదు, అక్కడ ఆ సౌకర్యం లేదు. మబ్బు లేని రాత్రి నేల వేడంతా ఆకాశానికి పోతుంది, చుట్టూ కొండల మీద చల్లబడిన బరువుగాలి జారి లోయలోకి దిగి నిలబడిపోతుంది. అందుకే టెంటు లోయ అడుగున, గెడ్డ పక్కన కాకుండా కొంచెం మెరకన వేసుకుంటే తేడా మీకే తెలుస్తుంది. టెంటు జిప్పులన్నీ బిగించేసినా తప్పే, మన ఊపిరిలో తేమే లోపలి గుడ్డకి పట్టి తెల్లారేసరికి మొహం మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. దోమతెర వేసి, పైన కిటికీ లాంటిది కొంచెం తెరిచి ఉంచండి.

కింద సరిగ్గా పరుచుకున్నాక మాత్రం, షిఫ్టు డ్యూటీలతో పాడైపోయిన నా నిద్ర అడవిలో వచ్చినట్టు ఇంట్లో ఎప్పుడూ రాలేదు. చాలాకాలం అలసట వల్ల అనుకున్నాను. అమెరికాలో కొలరాడో యూనివర్సిటీవాళ్ళు ఎనిమిది మందిని వారం రోజులు కొండల్లో క్యాంపింగుకి పంపి, ఏం జరిగిందో 2013లో ప్రచురించారు. ఫోన్లు లేవు, టార్చిలైట్లు కూడా లేవు, ఎండా, మంటా, అంతే. నిద్ర రప్పించే మెలటోనిన్ హార్మోను వాళ్ళ ఒంట్లో మామూలుకంటే సుమారు రెండు గంటలు ముందే పెరగడం మొదలైంది, అంటే ఒంటి గడియారం సూర్యుడితో కలిసిపోయింది. 2017లో ఆ బృందమే ప్రచురించిన ఇంకో పరిశీలనలో, శని ఆదివారాలు మాత్రమే వెళ్ళొచ్చినవాళ్ళకి కూడా ఆ మార్పులో మూడింట రెండు వంతులు వచ్చేసింది. కాబట్టి మీ ఆయన సోమవారం పొద్దున్నే లేచి హుషారుగా తిరుగుతుంటే నటన అనుకోకండి.

ఇప్పటిదాకా మంచే చెప్పాను. చెడు కూడా చెప్పాలి, ముఖ్యంగా పిల్లాడితో వెళ్తున్నారు కాబట్టి.

వానాకాలంలో వెళ్ళకండి, ఎవరు ఎన్ని జలపాతాలు ఫోటోల్లో చూపించినా సరే. ఏజెన్సీలో మలేరియా ఉత్త మాట కాదు, వచ్చే రకం కూడా మెదడుకెక్కగలిగే రకం. డిసెంబరు కొంత నయం, అయినా సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కా, సాక్సులు, దోమల మందు తప్పనిసరి. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో ఎవరికి జ్వరం వచ్చినా డాక్టరుతో మొట్టమొదట చెప్పాల్సిన మాట "ఏజెన్సీకి వెళ్ళొచ్చాం" అని. నేను ఒకసారి ఆ మాట చెప్పకుండా ఐదు రోజులు పారాసిటమాల్ మింగుతూ కూర్చున్నాను, తర్వాత వారం ఆస్పత్రిలో పడుకున్నాను. తప్పు పూర్తిగా నాదే.

రెండోది పాము. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళని నిద్రలోనే కాటేస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. ఆరుబయట చాప మీద నక్షత్రాలు చూస్తూ పడుకోవడం అనే సినిమా కోరిక ఉంటే మానేయండి. అడుగు కుట్టేసి, జిప్పు పూర్తిగా పడే టెంటులోనే పడుకోవాలి. బూట్లు టెంటు లోపలే పెట్టి, పొద్దున్న వేసుకునే ముందు దులుపుకోవాలి. కాటు అనుమానం వచ్చినా పసరు మందు, నోటితో పీల్చడం లాంటివి వద్దు, నేరుగా ఆస్పత్రికే.

మూడోది చట్టం. టెంటు ఉంది కదా అని ఎక్కడపడితే అక్కడ వేయడానికి లేదు. మన ఊళ్ళోనే ఉందని చాలామంది కంబాలకొండ గురించి అడుగుతారు, అది వన్యప్రాణి అభయారణ్యం, చిరుతలున్నాయి. పగలు టికెట్టు తీసుకుని నడిచి రావచ్చు గానీ, మన ఇష్టానికి టెంటు వేయడానికి లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలో అనుమతి లేకుండా అడుగుపెట్టడమూ నేరమే, నిప్పు పెట్టడమూ నేరమే. రిజర్వు ఫారెస్టులోనూ నిప్పు ఊసే ఎత్తకూడదు. ఏజెన్సీలో 1/70 చట్టం వల్ల గిరిజనుల భూమి గిరిజనేతరులకి అమ్మడానికి లేదు, అంటే మీకు ఖాళీగా కనిపించే మెట్ట ఒక గిరిజన కుటుంబానిదో, ఫారెస్టువాళ్ళదో అయి ఉంటుంది. ఊళ్ళోకి వెళ్ళి అడగండి, డబ్బులివ్వండి, కట్టెలు కూడా వాళ్ళ దగ్గరే కొనండి. పచ్చిచెట్టుని నరికి బుష్‌క్రాఫ్ట్ అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నరికినా ఆ పచ్చికట్టె మండదు, పొగే.

పాడేరు దగ్గరి వంజంగి కొండ గురించి అడుగుతారేమో. పాలసముద్రం లాంటి ఆ మబ్బుల్ని చూడాల్సిందే, కానీ శనివారం రాత్రి వద్దు. కొండకింద కార్లు బారులు తీరి, ప్రతి టెంటు దగ్గరా ఒక బ్లూటూత్ స్పీకరు, ప్రతి పొద కిందా ఒక ప్లాస్టిక్ గ్లాసు. పొద్దున్న నాలుగింటికి ఎవడో డీజే పెడతాడు. మీ మొదటి అనుభవం అదే అయితే రెండోసారి వెళ్ళరు. బుధవారమో గురువారమో సెలవు పెట్టించండి మీ ఆయనతో.

ఇక అసలు ప్రశ్న, వెళ్ళాలా వద్దా. ఒక్క రాత్రికి వెళ్ళండి. రెండు రాత్రులు మొదటిసారికి ఎక్కువ. మీ ఆయన చేసే పొరపాటు నేను ఊహించగలను, ఎందుకంటే నేనూ అదే చేశాను. మా ఆవిడని మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు టెంటు నేనే వేశాను, పొయ్యి నేనే వెలిగించాను, వంట నేనే చేశాను, "నువ్వు కూర్చో, రెస్టు తీసుకో" అన్నాను. మహా గొప్ప మర్యాద చేశాననుకున్నాను. ఆవిడకి ఆరు గంటలసేపు చలిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం తప్ప పనేమీ లేదు. ఆనందమంతా నేను అనుభవించి, ఆవిడకి దోమల్ని మిగిల్చాను. అందుకని మీకు ఏదో ఒక పని పూర్తిగా మీ చేతికి తీసుకోండి. వంట వద్దు, అది ఇంట్లో ఎలాగూ ఉంది. బరకం (టార్పాలిన్) కట్టడం తీసుకోండి, నేను ముడులు నేర్చుకున్నది పెదజాలరిపేటలో వల బాగుచేసుకునే ఒకాయన దగ్గర. ఎంత గాలేసినా జారకుండా, పొద్దున్న ఒక్క లాగుతో ఊడొచ్చే జారుముడి ఒక్కటి వస్తే చాలు. మనకి అలవాటైన పీటముడి వేస్తే మంచుకి తడిసి బిగుసుకుపోయి తాడు కోసుకోవాల్సి వస్తుంది. మీరు కట్టిన బరకం కింద ముగ్గురూ పొడిగా కూర్చున్నప్పుడు, మీ ఆయన "భలే ఉందే" అన్నది దేన్నో మీకు కొంత తెలియొచ్చు. తెలియకపోయినా నష్టం లేదు. మా ఆవిడ రెండుసార్లు వచ్చి మూడోసారి రానని చెప్పేసింది. ఇప్పుడు పొద్దున్నే కిరండూల్ రైలెక్కి, యాభై ఎనిమిది సొరంగాల్లో వీలైనన్ని లెక్కపెట్టుకుంటూ అరకులో దిగి గదిలో పడుకుంటుంది, నేను బయట పడుకుంటాను, పొద్దున్న టీకి కలుస్తాం. అది కూడా బాగానే ఉంది.

బాబుకి మాత్రం పుల్లల కుప్పలు అప్పజెప్పండి. మూడు సైజులు, టక్కుమనేవి మాత్రమే. కత్తి పట్టేది మాత్రం పక్కన పెద్దవాళ్ళు ఉన్నప్పుడే, కూర్చుని, ఒంటికి దూరంగా చెక్కడం. అగ్గిపుల్ల కూడా వాణ్ణే గీయనివ్వండి, రెండు మూడు సార్లు ఆరిపోయినా మీ ఆయన్ని చేతులు కట్టుకుని కూర్చోమనండి. అది ఆయనకి కష్టం, చూస్తూ ఉండండి.

బయలుదేరేముందు మంట ఆర్పే పని కూడా వాడిదే. మట్టి కప్పితే సరిపోదు, లోపల నిప్పు గంటలకొద్దీ దాక్కుంటుంది. బిందెడు నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోసి, బుసబుస ఆగాక మీరే ముందు చేతి వెనకభాగం బూడిదకి దగ్గరగా పెట్టి చూడండి. వేడి తగలకపోతే అప్పుడు బాబుని బూడిదలో చెయ్యి పెట్టమనండి. చల్లగా ఉంది అని వాడు చెప్పాక కారెక్కండి.